కుక్కలతో వచ్చిన అతిథి

వేంపల్లె నుంచి గండికి పోయే దారిలో పాపఘ్ని ఎదురొస్తుంది. ఎక్కడో నంది కొండల్లో పుట్టిన ఈ ఏరు శేషాచలం కొండను నిలువునా కోసుకుని దిగి, వేంపల్లె మీదుగా సాగి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే ఎక్కువ, నీళ్లు తక్కువ. కొండ చీలిన ఆ చోటే వీరాంజనేయస్వామి క్షేత్రం.

సీతను వెతుకుతూ ఇటుగా వచ్చిన రాముణ్ని, ఇక్కడ తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు తన ఆతిథ్యం తీసుకోమని వేడుకున్నాడట. తిరిగి వచ్చేటప్పుడు ఆగుతానని రాముడు మాటిచ్చాడు. ఆయన వచ్చేసరికి రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టి ఉంది. మురిసిపోయిన రాముడు బాణం మొనతో రాతి మీద ఆంజనేయుడి రూపం గీశాడు. చిటికెన వేలు ఒక్కటి మిగిలిపోయింది. ఆ లోటు తీరుద్దామని తర్వాతి కాలంలో ఓ శిల్పి ఉలి పెడితే అక్కడి నుంచి నెత్తురు కారిందని స్థలపురాణం చెబుతుంది. శిల్పి ఉలి దించేశాడు.

ఈ కథ విన్నవాళ్లు ఎక్కువగా బంగారు తోరణం గురించి మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఆ శిల్పి చేయి గుర్తుండిపోయింది. రాయికి కూడా నొప్పి పుడుతుందని నమ్మి, పని సగంలో ఆపేసిన చేయి అది. తరతరాలుగా ఆ మాట నమ్ముతూ వచ్చిన జనం మనం. మరి నిజంగా నెత్తురు పారే ఒళ్లు, కాలు విరిగి రోడ్డు వార పడి ఉన్నప్పుడు, బండి వేగం తగ్గించకుండా పోతున్నామంటే మన నమ్మకంలో ఏదో వెలితి ఉన్నట్టే.

ఒంటిమిట్ట కూడా మన కడప సీమదే. పోతన మా ఊరివాడేనని అక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. ఆయన తెలుగు చేసిన భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడనే రాజు కథ ఉంది. ఉన్నదంతా దానాలకే ఖర్చయిపోయి, ఆలుబిడ్డలతో సహా నలభై ఎనిమిది రోజులు తిండి లేక, నీళ్లు కూడా లేక గడిపాడు. ఆ మరునాడు కొంచెం పాయసం, నెయ్యి, కాసిన్ని నీళ్లు దొరికాయి. తినబోతుండగా ఒక బ్రాహ్మణుడు వచ్చాడు. పెట్టాడు. మిగిలింది పంచుకుని కూర్చుంటే శూద్రుడొకడు వచ్చాడు. అతనికీ పెట్టాడు. అతను వెళ్లాక ఇంకో అతిథి వచ్చాడు. అతని చుట్టూ కుక్కలు. నాకూ ఆకలే, నా కుక్కలకూ ఆకలే అన్నాడు. రాజు ఉన్నదంతా పెట్టి, ఆ మనిషికీ కుక్కలకూ కలిపే నమస్కారం చేశాడు. ఆఖరికి ఒక్కరి గొంతు తడిసేటన్ని నీళ్లు మిగిలాయి. లోకం అంటరానివాడని దూరం పెట్టిన మనిషి వచ్చి దప్పిక అన్నాడు. ఆ నీళ్లూ పోసేశాడు. తనకు మోక్షం అక్కర్లేదని, ప్రాణులన్నిటి లోపల ఉండి వాటి దుఃఖం తాను మోస్తే చాలని ఆ రాజు కోరిక.

ఈ కథ ఎప్పుడు చదివినా నేను మూడో అతిథి దగ్గర ఆగిపోతాను. రాజుది గొప్ప త్యాగం, అందరికీ తెలిసిందే. కానీ ఆ అతిథిని చూడండి. పస్తులున్నవాడు, ఒకరి గడపలో నిలబడి అడుక్కుంటున్నవాడు. అలాంటివాడు తన ఆకలి ఒక్కటే చెప్పుకోలేదు. నోరు లేని వాటి ఆకలి కూడా తన నోటితో చెప్పాడు. ఆ పూట రాజుకు పెట్టే పుణ్యం దక్కితే, అడిగే పుణ్యం అతనికి దక్కింది.

అలా అడిగేవాళ్లు ఈ సీమలో ఇంకా ఉన్నారు. ఎండలు మండే రోజుల్లో గొర్రెల మందతో వచ్చిన కాపరి బోరు దగ్గరున్న రైతును ఏమని అడుగుతాడు? ‘అన్నా, కాసిన్ని నీళ్లు వదులన్నా, జీవాలు దప్పిగొన్నాయి’ అంటాడు. మంద అంతా తాగాక గానీ తాను దోసిలి పట్టడు. రైతు కూడా కాదనడు. రాత్రి ఆ మంద అదే చేలో పడుకుంటే నేలకు ఎరువు, కాపరికి ఇంత గింజ. ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడెవరో లెక్క తేలని బంధం ఇది. కరువులు నేర్పిన బంధం కూడా. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడని సీమ ఈనాటికీ పాటగా పాడుకుంటోంది. ఆ తర్వాత పదేళ్లకే వచ్చిన ధాత నామ సంవత్సరపు కరువులో మనుషులూ పశువులూ ఒకే దారి వెంట రాలిపోయారు. అంత చూసిన నేల కాబట్టే ఇక్కడ అన్నం పెట్టినవాణ్ని దేవుడి వరుసలో నిలబెడతారు.

అవధూత కాశినాయన అలా నిలిచిన మనిషే. నెల్లూరు జిల్లా బెడుసుపల్లెలో 1895లో పుట్టి, నల్లమల అంచు ఊళ్లూ కొండలూ తిరిగి, 1995 డిసెంబరులో దేహం వదిలాడు. ఇప్పుడు కడప జిల్లాలో ఒక మండలానికే ఆయన పేరు. పాడుబడిన గుళ్లు ఎన్నింటినో బాగు చేయించాడు. గుడి నిలబెట్టిన చోటల్లా పక్కనే పొయ్యి రాజేయించాడు. అహోబిలం కొండకు పోయిన యాత్రికులెందరో ఆయన పేరిట నడిచే సత్రంలోనే విస్తరి ముందు కూర్చుంటారు. ఆయన ఆశ్రమమైన జ్యోతి క్షేత్రంలో అన్నదానం ఉంది, గోశాల ఉంది. కులం అడగరు, ఊరు అడగరు. పంట ఇంటికి రాగానే బస్తా వడ్లో, ఇన్ని బేడలో సత్రానికి చేర్చే రైతులు ఇప్పటికీ ఉన్నారు.

నన్ను కదిలించేది ఆ పొయ్యి రోజూ వెలగడం. పండగకో పుట్టినరోజుకో నలుగురికి పెట్టి ఫొటో దిగడం ఎవరికైనా సాధ్యమే. ఆకలి రేపు కూడా అదే వేళకు వస్తుంది. రేపు కూడా బియ్యం కడగాలి, మళ్లీ గంగాళం తోమాలి, గోశాలలో పేడ ఎత్తాలి. మనసు బాగున్నా బాగోకపోయినా చేయాలి. ఆధ్యాత్మిక సాధన అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ పేడ ఎత్తే మనిషిని చూపిస్తాను. ధ్యానంలో కూర్చున్నవాడికి మనసు అటూ ఇటూ పోతుంది. లేగదూడకు నొప్పి తగలకుండా పుండు కడుగుతున్నవాడికి మనసు ఎక్కడికీ పోదు.

బతుక్కి అర్థమేమిటన్న ప్రశ్న చదువుకున్నవాళ్లదే అనుకుంటాం. అది పల్లె వాకిళ్లలోనూ ఉంది. వేంపల్లె, రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో కువైట్‌కు పనికి పోయిన మనిషి లేని వీధి అరుదు. ఇంట్లో అమ్మానాన్నలు, వాకిట్లో ఒక ఎనుము. ‘ఇంకా దాంతో ఏం అగచాట్లమ్మా, అమ్మేయ్, డబ్బులు పంపుతున్నాం కదా’ అని ఫోన్లో కొడుకు. తల్లి సరేనంటుంది గానీ అమ్మదు. మనం అది మొండితనం అనుకుంటాం. తెల్లవారుజామున అది కట్టుగొయ్య దగ్గర అరిస్తే ఆమె లేస్తుంది. కుడితి కలుపుతుంది, చొప్ప వేస్తుంది, మెడ నిమురుతూ రాత్రి వచ్చిన కలంతా చెబుతుంది. తన కోసం వండుకోవడానికి బద్ధకించే మనిషి దాని నీళ్ల వేళ తప్పదు. ఆ ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసే ప్రాణి ఒకటుందన్నమాట. డబ్బుతో పంపలేనిది అదే. ఆ తల్లికి ఒంట్లో బాగోలేని రోజున వీధిలో ఎవరైనా వచ్చి ‘అవ్వా, నువ్వు పండుకో, దానికి నేను నీళ్లు పెడతా’ అంటే, ఇద్దరికీ సేవ చేసినట్టవుతుంది.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ కూడా ఇలాంటి దగ్గరితనాన్నే ఎంచుకున్నాడు. స్పెయిన్‌లో పుట్టి, క్రైస్తవ సన్యాసిగా మన దేశం వచ్చి, 1969లో కరువు జిల్లాకు చేరి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆయన సంస్థ బత్తలపల్లిలో కట్టిన ఆసుపత్రిలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు పడక దొరికింది. అయినవాళ్లే తాకడానికి భయపడిన రోజుల్లో ఆ పడక విలువ ఎంతో వాళ్లనే అడగాలి.

మన సీమలో నాకు కష్టంగా తోచే విషయం ఒకటి చెప్పాలి. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు. ఆ ఎద్దులను మేపే రైతుల ప్రేమను నేను శంకించను. ఉలవలు ఉడకబెట్టి, చల్లని పూట నడిపించి, బిడ్డల కంటే మిన్నగా చూసుకుంటారు. ఏడాదంతా అంత ప్రేమగా చూసి, పోటీ ఆఖరి నిమిషాల్లో చర్నాకోల ఝళిపించడం, తోక మెలిపెట్టడం, ముల్లుకర్రతో పొడవడం ఎందుకు? గుడి ముందర, దేవుడి పేరు మీద జరిగే వేడుకలో ఒక మూగజీవి నోట నురగ కారుతుంటే చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు. కర్ర పట్టకుండా లాగిన జతకే బహుమతి అని కమిటీ పెద్దలు ఒక్క నియమం పెడితే చాలు. ఎద్దు బలం అప్పుడూ కనిపిస్తుంది, మేపినవాడి పనితనమూ కనిపిస్తుంది.

ఎండలు ముదిరేలోపు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంటి ముందు రాతి తొట్టి ఉంటే రెండు రోజులకోసారి పాచి కడిగి కొత్త నీళ్లు పోయండి. మిగిలిన అన్నాన్ని ప్లాస్టిక్ కవర్లో ముడివేసి పారేయకండి. ఆవులు కవరుతో సహా మింగుతాయి, అది కడుపులో పేరుకుపోయి చివరికి ప్రాణం తీస్తుంది. పశువుకు జబ్బు చేస్తే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనాలు 2022 నుంచి మన రాష్ట్రంలో తిరుగుతున్నాయి. దారిలో పడిపోయింది మనిషైతే 108. ఫోన్ చేసి వెళ్లిపోకండి, బండి వచ్చేదాకా దగ్గరే ఉండి, తల మీద ఎండ పడకుండా తువ్వాలు అడ్డం పట్టండి.