సహోదరుడు తిరిగివచ్చువరకు

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:1-3



సహోదరుని ఎద్దుగాని గొఱ్ఱెగాని త్రోవ తప్పి తిరుగుట చూచినవాడు, చూడనట్లు తొలగిపోరాదని మోషే బోధించెను. యజమానుడు దూరస్థుడైనను, ఎవరో తెలియకున్నను, దానిని ఇంటికి తోలుకొనిపోయి, అతడు వెదకుచు వచ్చువరకు ఉంచుకొని, పిమ్మట అప్పగింపవలెను. మన పల్లెల బందెలదొడ్డి మీరెరిగినదే. పంట మేసిన పశువును కట్టివేసి దండుగ కట్టించుకొనుటకు 1871 నాటి చట్టము దానికి ఆధారమాయెను. మోషే చెప్పిన దొడ్డిలో దండుగ లేదు. మేత, నీరు, కాపుదల మాత్రమే యున్నవి.

ఈ మాట మన సీమకు దగ్గర మాట. వాన తప్పిన యేట కుటుంబములు హైదరాబాదుకో, బెంగుళూరికో, గుంటూరు మిరపచేలకో వలసపోవును. ఇంటికి తాళము పడును. వాకిటనున్న కుక్క ఏమగును? అహోబిలము త్రోవలో విడిచినచో యాత్రికులు పెట్టినది తిని బ్రదుకునులే అని ఎవరైన తలంపవచ్చును. కాని ఎగువ అహోబిలము నల్లమల అడవిలోనున్నది. అది చిరుతపులులు తిరుగు చోటు. ఇంటి కూడు తిని పెరిగిన కుక్కకు వేట తెలియదు. ఊరకుక్కలు దానిని చేరనీయవు. తిరునాళ్ళ ముగిసినచో ఎంగిలాకులైనను తగ్గిపోవును. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును సరియైన కారణము లేక విడిచిపెట్టుట నేరమని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది.

ప్రియులారా, మరియొకరికి అప్పగించుట తప్పు కాదు, విడిచిపోవుట తప్పు. అప్పగించువాడు మూడు సంగతులు చూడవలెను. మొదటిది, ప్రయాణపు దినమువరకు ఆగక ముందుగానే ఇల్లు వెదకవలెను. అక్కడ నీడయు నీళ్ళును కలవో లేవో కన్నులార చూడవలెను. రెండవది, సత్యము చెప్పవలెను. కరచునదైతే కరచునని చెప్పి, పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించి ఇయ్యవలెను. మూడవది, ఇచ్చిన పిమ్మట విచారింపవలెను. అక్కడ ఇమడనియెడల వేరొక ఇల్లు చూచు భారము మనదే.

ఇల్లు దొరకని జీవులకొరకు ఆశ్రయములు కలవు. హైదరాబాదులో 1992లో బ్లూక్రాస్, మన సీమలోని పుట్టపర్తిలో 2000లో కరుణా సొసైటీ ఏర్పడెను. గాయపడినవాటికి చికిత్సచేయుట, దిక్కులేనివాటికి ఆశ్రయమిచ్చుట వాటి పని. అయితే రాత్రివేళ గేటుకు కట్టి పారిపోవుట సహాయము కోరుట కాదు. ఆశ్రయములో చోటు కొద్ది, చేతులు కొద్ది. అక్కడనుండి ఒక కుక్కను మన యింటికి తెచ్చుకొనినచో, మరియొకదానికి చోటు కలుగును.

కనికరమునకు వెల కలదు. 1824లో లండనులో జంతుహింసా నివారణ సంఘమును స్థాపించుటకు పూనుకొనిన ఆర్థర్ బ్రూమ్ అను పాదిరి, ఆ సంఘపు అప్పుల నిమిత్తము చెరసాల పాలయ్యెను. మన సంఘము నేడు అంత వెల చెల్లింప నక్కరలేదు. వలసపోవువారు ఆరాధన పిమ్మట పెద్దలతో చెప్పుడి. ఉండువారిలో ఒక యింటివారు ఆ కుక్కకు పిడికెడు కూడు పెట్టి, వారు తిరిగివచ్చిన దినమున అప్పగింతురుగాక. వాక్యము అడుగుచున్నది ఇంతే.

నీనెవెలోని పశువులను సహితము లెక్కించిన దేవుడు (యోనా 4:11) మన వాకిటనున్న దానిని మరచునా? ఆయన కనికరము మన చేతులకు కలుగునుగాక. ఆమేన్.