కొత్త వంటకము ఎవరి కొరకు?

వైష్ణవ గృహమునందు దేవతార్చన జరుగు చోటు ఒకటి, ఆ అర్చనకు తళిగ సిద్ధమగు చోటు మరొకటి. రెండవదానిని లోకము వంటయిల్లు అనును. సంప్రదాయము దానిని తిరుమడపల్లి యని గౌరవించును. అక్కడ వండినది మొదట పెరుమాళ్ళకు ఆరగింపగును. పిదప ప్రసాదమై ఇంటివారి విస్తళ్ళలోనికి వచ్చును. ఇట్టి వంటయింట తరచు ఏదో ఒక కొత్త వంటకమును చేయబూనుట తగునా, తగదా? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని జిహ్వాచాపల్యమునకును సేవకును నడుమనున్న సరిహద్దు ఈ చిన్న ప్రశ్నలోనే దాగియున్నది.

ఖమ్మం నుండి భద్రాచలము పోవు త్రోవలో కొత్తగూడెము, పాల్వంచ దాటుసరికి పొలములు పలుచబడి అడవి దగ్గరపడును. ఆ అంచున నున్న ఒక వైష్ణవ కుటుంబమును ఉదాహరణముగా ఊహించుకొనవచ్చును. ఆ ఇంటి కోడలికి వంటయన్న మిక్కిలి మక్కువ. ప్రతి శనివారము ఏదో ఒక కొత్త పదార్థము చేయవలెనని ఆమె ముచ్చట. పొరుగింట విన్నది ఒకటి, పత్రికలో చదివినది ఒకటి, పుట్టింటి చుట్టము చెప్పినది ఒకటి. అత్తగారు ఆచారవంతురాలు. ఒకనాడు ఆమె కోడలిని కూర్చుండబెట్టి ఇట్లడిగెను: “అమ్మాయీ, ఆరగింపు కాక మునుపు రుచి చూడరాదు, వాసన చూడరాదు. తెలిసిన వంటనే భయపడుచు చేయుదుము. తెలియని వంటను స్వామి ముందుంచి, కుదిరినదో లేదో ఆయననే చెప్పమందువా?”

కోడలు తలవంచుకొని, “అత్తమ్మా, పదియేండ్లుగా అదే పప్పు, అదే పులుసు. చేయి తనంతట చేయుచున్నది. మనసు ఎక్కడెక్కడో తిరుగుచున్నది. కొత్తది చేయునాడు మాత్రమే నా మనసు పొయ్యి దగ్గర నిలుచుచున్నది” అనెను.

ఇద్దరి మాటలలోను సత్యము కలదు. అందుచేతనే ఇది విచారింపదగిన విషయమైనది.

అత్తగారి పక్షమునకు శాస్త్రబలము మెండు. తమ కొరకే వండుకొనువారు పాపమునే భుజింతురనియు, యజ్ఞశేషమును భుజించువారు పాపవిముక్తులగుదురనియు గీత మూడవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. భగవద్రామానుజులు (1017–1137) శ్రీభాష్యమున భక్తికి సాధనములైన ఏడింటిని పేర్కొనిరి. వానిలో మొదటిది వివేకము. ఇచట వివేకమనగా పాండిత్యము కాదు, ఆహారశుద్ధి. పదార్థము యొక్క స్వభావముచేత కలుగు జాతిదోషము, దానిని కలిగియున్నవారి నడతచేత కలుగు ఆశ్రయదోషము, వెండ్రుక మొదలగునవి పడుటచేత కలుగు నిమిత్తదోషము, ఈ మూడును లేని ఆహారముచేతనే చిత్తశుద్ధి యని తాత్పర్యము. భగవచ్చింతనకు తొలిమెట్టు విస్తరి దగ్గరనే యున్నదన్నమాట.

కనుక కొత్త వంటకమునకు హద్దు కలదు. వానకాలమున అడవి అంచు గ్రామముల సంతలలోనికి పుట్టగొడుగులు వచ్చును. వానితో కూర ఎంత రుచియో పొరుగువారు చెప్పుదురు. ఉల్లి, వెల్లుల్లి చేర్చిన వంటకములను గూర్చి పత్రికలు వర్ణించును. ఇవి నిషిద్ధములైన ఇంట ఆ గృహిణి వానిని చేయదు. అది పొరుగువారిని తక్కువ చేయుట కాదు. తన నియమమును తాను నిలుపుకొనుట మాత్రమే. ఎవరి ఇంటి నియమము వారిది.

అయినను ఒక విషయము గమనింపవలెను. ఆచార్యులు చెప్పిన ఈ మూడు దోషములలో కొత్తదనమను దోషము లేదు. పదార్థము శుద్ధమై, తెచ్చిన త్రోవ న్యాయమై, చేసిన చేయి శుచియైనచో, నిన్న చేయనిది నేడు చేసినంత మాత్రమున తప్పు రాదు.

ఇందులకు తెలుగు సాహిత్యముననే గొప్ప నిదర్శనము కలదు. శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరున వచ్చిన వైష్ణవుల కెల్ల తదీయారాధనము చేయుచుండును. కవి అచట ఒక్క విందును వర్ణించి ఊరకుండలేదు. ముసురు పట్టిన వానకాలమున ఇల్లాలు కంట పొగ సోకకుండ కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వండును. అప్పుడు వడ్డించునది వరియన్నము, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసము, లేత కొబ్బరినీరు. చలికాలమున మిరియపు పొడి చల్లిన వేడి కూరలు, ఘాటైన ఆవపచ్చళ్ళు, పాయసము. ఋతువు మారినకొలది వంట మారుచున్నది. మార్పునకు కారణము వండువారి విసుగు కాదు, తినువారి జిహ్వాచాపల్యమును కాదు. ఎండలో నడచి వచ్చినవానికి ఏది హితము, చలిలో వణకుచు వచ్చినవానికి ఏది హితము అను ఆలోచనయే కారణము.

ఆ చలికాలపు వంటలో కారము మిరియమునుండి వచ్చినది. మిరపకాయ అప్పటికి తెలుగు వంటయింట కుదురుకొనలేదు. అమెరికా ఖండమున పుట్టిన ఆ కాయను పోర్చుగీసువారు 16వ శతాబ్దమున ఈ దేశమునకు తెచ్చిరి. నేడు ఖమ్మం వ్యవసాయ మార్కెట్టు మిర్చి వ్యాపారమునకు పేరుగాంచినది. మిరప లేని తెలుగు భోజనమును ఊహించుటయే కష్టము. తాతల నాటిదని నేడు ఇంటింట గౌరవించు ఊరగాయయు ఏనాడో ఎవరో ఒక గృహిణి భయపడుచు తొలిసారి కలిపిన కొత్త వంటకమే. ఆచారము ఒకప్పుడు ప్రయత్నము. మంచిదని తేలిన పిదప ఆచారమైనది.

ఇక భద్రాద్రి మహిమను తలచినచో ఈ విషయము మరింత తేటపడును. పోకల దమ్మక్కయను కోయ భక్తురాలు పుట్టలో వెలసిన రామచంద్రుని కనుగొని, పందిరి వేసి, అడవిలో దొరకు తాటిపండ్లను నివేదించెనని స్థలపురాణము చెప్పును. తరువాత నేలకొండపల్లి వాసి కంచెర్ల గోపన్న ఆలయమును నిర్మించి భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడయ్యెను. నేడు ఆ స్వామికి విధివిహితముగా భోగములు జరుగుచున్నవి. కాని ఆ మూర్తికి తొలి ఆరగింపు చెట్టునుండి రాలిన పండు. దమ్మక్క తన చుట్టునున్న అడవి ఆ వేళకు ఏది ఇచ్చెనో దానిని తెచ్చినది.

భద్రాచలమునకు దిగువన, 2014 నుండి ఆంధ్రప్రదేశమున చేరిన కూనవరము వద్ద శబరి నది గోదావరిలో కలియును. ఆ పేరు వినగానే భక్తులకు ఎంగిలి పండ్ల కథ స్ఫురించును. వాల్మీకి మహర్షి అరణ్యకాండలో శబరి రామునికొరకు పంపాతీరమున వన్యాహారమును సేకరించి యుంచినదని మాత్రము చెప్పెను. రుచి చూచి యిచ్చినదను మాట తరువాతి భక్తజనుల భావన. అయినను ఆ భావనలో ఒక సూక్ష్మము కలదు. శబరి రుచి చూచినది తన నాలుక తృప్తికొరకు కాదు, పులుపు స్వామికి తగులరాదని. ఆచారము రుచి చూడవద్దనుటయు స్వామికొరకే; కథలో శబరి రుచి చూచుటయు స్వామికొరకే. బయటికి విరుద్ధముగా కనిపించు ఈ రెండింటికిని మూలము ఒక్కటే.

మరల ఆ కుటుంబమును చూతము. ఒక శనివారము కోడలు కందతో కొత్త కూర చేసెను. ఎవరో చెప్పగా సగము విన్నది. చింతపండు పులుసుతో ఉడికించుట పాతపద్ధతి యని తలచి, పులుపు మానివేసి పాలు పోసి వండెను. చూచుటకు కూర ముచ్చటగా నుండెను. రుచి చూడలేదు గనుక ఎవరికిని తెలియలేదు. ఆరగింపైనది. విస్తళ్ళు వేసిరి. మొదటి ముద్దకే అందరి గొంతులు దురదపెట్టెను. భర్త విస్తరి ముందునుండి విసురుగా లేచిపోయెను. పిల్లలు కూరను ప్రక్కకు నెట్టిరి. కోడలు వంటయింటి గుమ్మమున నిలిచి కన్నీరు పెట్టుకొనెను. ఇంటివారి కోపమునకు కాదు. దురదపెట్టు కూరను పెరుమాళ్ళకు పెట్టితినే యను బాధ ఆమెను దహించెను.

మొదటనే వద్దని చెప్పిన అత్తగారు అప్పుడు గెలిచినట్లు మాటాడవచ్చును. ఆమె అట్లు చేయలేదు. అందరికిని మజ్జిగ పోసి, కోడలిని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇట్లనెను: “కొత్త కాపురమున నేనును కందతో ఈ తప్పే చేసితిని. నీవు కొత్తది చేయుట తప్పు కాదమ్మా. సగము విని చేయుట తప్పు. పులుపెందులకో అడిగి తెలిసికొనకుండ తీసివేసితివి.”

ఈ మాటలో ధర్మసూక్ష్మమంతయు కలదు. కందలో సూదులవంటి సూక్ష్మ స్ఫటికములుండును. అవియే గొంతునకు గ్రుచ్చుకొని దురద పుట్టించును. బాగుగా ఉడికించుట, పులుపు చేర్చుట ఆ బాధను తగ్గించును. పూర్వులు చింతపండు వేసినది రుచికొరకు మాత్రమే కాదు. పాత పద్ధతిని మార్చువాడు మొదట అది ఎందుకేర్పడెనో తెలిసికొనవలెను. ఆ అడవిలోని కోయ స్త్రీలను చూచినచో ఇది బోధపడును. కొన్ని చేదు దుంపలను వారు ఊరక ఉడికించి తినరు. కోసి, ఉడికించి, నీటిలో నానబెట్టి, చేదు పోయిన పిదపనే తిందురు. పుస్తకములేని ఆ విద్య తల్లినుండి కూతురికి వచ్చినది. మంత్రమునకు వలెనే వంటకును గురువు కావలెను. ఆ గురువు పట్టణమున ఉండవచ్చును, అడవిలో ఉండవచ్చును, అడుగుటకు సిగ్గుపడరాదు.

కొత్తదనమను మాటయు విచారింపదగినదే. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది. పట్టణములలో సామలు, కొర్రలు కొత్త వంటకములై వచ్చినవి. అడవి పల్లెలలో అవి తరతరములుగా ఎరిగిన ధాన్యములు. వేసవి మొదట తెల్లవారుజామున రాలు ఇప్పపువ్వును ఏరి, ఎండబెట్టి, ఏడాదిపొడవున తీపికై వాడుకొనుటయు అచ్చటి పాత అలవాటు. ఒక ఇంటికి కొత్తది మరొక ఇంటికి పాతది. కాబట్టి కొత్త వంటను నేర్చుకొనుట యనగా చాలమారులు మరొకరి పాతను గౌరవించుటయే.

అట్లని అన్నింటిని మార్చవలెనని కాదు. శ్రీరామనవమినాడు బెల్లము, మిరియము, ఏలకులు కలిపిన పానకము, నానిన పెసరపప్పుతో వడపప్పు. చైత్రమాసపు ఎండలో కల్యాణము చూడవచ్చిన భక్తునికి ఇంతకంటె హితమైనది మరొకటి లేదు. అక్కడ ప్రయోగమునకు పనిలేదు. పది కొత్త వంటలు నేర్చిన గృహిణికి మార్పు అక్కరలేని పదకొండవది ఏదో తెలిసియుండవలెను.

వంట చెడిననాడే ఆ ఇంటి స్వభావము బయటపడును. వంట కుదిరిననాడు పొగడుట ఎవరికైనను సులభము. అన్నమును నిందింపరాదనియు, త్రోసివేయరాదనియు తైత్తిరీయోపనిషత్తు వ్రతముగా విధించినది. విస్తరిని విసురుగా వదలి లేచిన భర్త ఆ వ్రతమునకు భంగము కలిగించెను. అట్లే, ఎట్లు వండినను ప్రసాదమని తిందురులే యను ధీమాతో అజాగ్రత్తగా వండు గృహిణి ప్రసాదమను పవిత్రమైన మాటను తన సోమరితనమునకు తెరగా వాడుకొనుచున్నది. తినువాడు ప్రసాదమని తలచి ఓర్చుకొనవలెను; వండునది ఆరగింపని తలచి శ్రద్ధ వహింపవలెను. ఒకరు తమ ధర్మమును మరచి ఎదుటివారి ధర్మమును గుర్తుచేయుట వలననే వంటయింట కలహములు పుట్టుచున్నవి.

ఒక మాట మరువరాదు. చాల ఇండ్లలో చెడిన వంటను చివరకు తినునది వండిన స్త్రీయే. కుదిరినది అందరిది, కుదరనిది ఆమెది. ఆనాడు ఆ అత్తగారు కోడలి ప్రక్కన కూర్చుండి ఆ బాధను పంచుకొనుట వేయి ఉపదేశములకు సమానము.

ఆ దినమునుండి ఆ ఇంట ఒక కట్టుబాటు ఏర్పడెను. కొత్త వంటకము చేయవచ్చును. కాని ఎరిగినవారిని పూర్తిగా అడిగిన పిదపనే. పదార్థము ఇంటి నియమమునకు లోబడియుండవలెను. రుచి చూడరాదు గనుక చేతి అంచనాను నమ్మక కొలత పాటింపవలెను. మొదట కొంచెమే, గిద్దెడు మాత్రమే చేయవలెను, వృథా కారాదు. నిత్యపు తళిగకు లోటు రానీయక దానిని ప్రక్కన చేర్చవలెను. చెడినచో ఇంటిల్లిపాది తలకొక ముద్ద పంచుకొనవలెను. ఈ నియమములతో కోడలి ముచ్చట తీరినది, అత్తగారి భయము తగ్గినది. కొన్నాళ్ళకు కోడలు మరొక సంగతి కనుగొనెను. కొత్తదానికొరకు అలవడిన శ్రద్ధ మెల్లగా పాత పప్పులోనికి, పాత పులుసులోనికి కూడ వచ్చినది. నిత్యము చేయు వంటయే నిత్యము కొత్తగా తోచినది.

కొత్త వంటకము జిహ్వకొరకైనచో దానికి అంతము లేదు. నేటి కొత్త రేపటికి పాత, నాలుక మరల వెదకును. అది ఎదుటివారి ఆకలికొరకు, స్వామి ఆరగింపుకొరకు అయినచో పొయ్యి దగ్గరి ఆ కొద్ది సమయమే ఉపాసనయగును. తాటిపండు తెచ్చిన దమ్మక్కకు పాకశాస్త్రము తెలియదు. ఎవరికొరకు తెచ్చుచున్నదో మాత్రము ఆమెకు తెలియును. వండు ప్రతి గృహిణియు, తిను ప్రతి గృహస్థుడును ఆ ఒక్కటి తెలిసికొన్నచో చాలును.

సర్వం శ్రీరామచంద్రార్పణమస్తు.