మడి ఎవరి కోసం?

బరువులెత్తే ఆట తెలిసినవాళ్లకి విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ తెలియకుండా ఉండదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం సాధించిన మత్స సంతోషిది ఆ ఊరే. మొదట ఆమెకి దక్కింది కాంస్యం. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో పట్టుబడటంతో అది రజతమైంది. మా ఆటలో శుద్ధి గురించి మాట వచ్చిందంటే ఎప్పుడూ ఈ శుద్ధే, సీసాల్లో పట్టి పరీక్షించేది. నేను రాస్తున్నది అంతకంటే చిన్నదిగా కనిపించే సంగతి. పదిమంది ఒంటి మీద తిరిగిన మసాజ్ గన్ హెడ్‌ని ఎవరు కడగాలి, ఎందుకు కడగాలి? ఆలోచించినకొద్దీ ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్నేనన్న నమ్మకం నాకు గట్టిపడింది.

వ్యాయామోపాధ్యాయుడిగా రిటైరయ్యాక ఈ చుట్టుపక్కలే ఒక రేకుల షెడ్డులో సాయంత్రాలు పిల్లలకి బరువులు నేర్పుతున్నాను. విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్న పాత శిష్యుడొకడు మసాజ్ గన్ కొనిచ్చాడు. తొడలు, పిక్కలు పట్టేసినప్పుడు పిల్లలకి అది పెద్ద ఉపశమనం. వాళ్లు దాన్ని గన్ అనే అంటారు. దాని కొసకి తగిలించే హెడ్‌లని బాల్, ఫ్లాట్, ఫోర్క్, బుల్లెట్ అంటారు. లాస్ ఏంజిలస్‌లో కైరోప్రాక్టర్‌గా ఉన్న జేసన్ వెర్స్‌లాండ్ 2007లో బైకు ప్రమాదంలో దెబ్బతిని, నొప్పి తట్టుకోలేక ఒక కరెంటు పనిముట్టుని మార్చి తన కోసం ఇలాంటిది తయారుచేసుకున్నాడు. 2016లో అది బజారుకొచ్చింది. ఒక మనిషి తన నొప్పికి చేసుకున్న వస్తువు మా షెడ్డుకొచ్చేసరికి అందరిదీ అయింది. చిక్కంతా ఆ అందరిలోనే ఉంది.

దసరాకి మేము ఆయుధపూజ చేస్తాం. కడ్డీలకీ చక్రాలకీ పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, ఆంజనేయస్వామి పటం ముందు గుమ్మడికాయ కొడతాం. గన్‌కి కూడా బొట్టు పడుతుంది. మర్నాడు ఒక కుర్రాడు గన్ వాడి పెట్టెలో పడేస్తుంటే కడగమన్నాను. "పూజ సేసీసినాం కదేటి మాస్టారూ, మళ్లీ కడగాలా?" అన్నాడు.

వాడు పెంకితనంతో అనలేదు. పసుపు కుంకాలు పడ్డ వస్తువుకి ఇంక మైల ఏమిటన్నది వాడి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తీసిపారేయను. ఇనుముకి దండం పెట్టుకున్న పిల్లవాడు ఇనుముని కాలితో తన్నడు. అయితే పూజకి ఒక వరుస ఉంది. ఏ గుడిలోనైనా తెల్లవారి అర్చకుడు ముందు నిర్మాల్యం తీస్తాడు. నిన్నటి పూలు దేవుడి మీదివే, అయినా తీయాల్సిందే. అలంకారం ఆ తర్వాతి మాట. నిర్మాల్యం తీయకుండా కొత్త దండ వేస్తే దాన్ని పూజ అనరని వాడికి చెప్పాను. వాడికి అర్థమైంది. నాకు మాత్రం ఆ ప్రశ్న అక్కడితో తీరలేదు, ఎందుకంటే నేను పెరిగిన ఇంట్లో శుద్ధికి లోటు లేదు.

మా నాయనమ్మ బొబ్బిలిలో మడి కట్టుకుని వంట చేసేది. మడిబట్ట ఎత్తైన దండెం మీద ఆరేది. కర్రతో తప్ప చేత్తో ఎవరూ తీయకూడదు. జ్వరం వచ్చినా ఆవిడ స్నానం తప్పలేదు. అదే ఇంట్లో తాతగారికి శనివారాలు నువ్వుల నూనెతో ఒళ్లు పట్టడానికి ఒక నాయీ బ్రాహ్మణుడు వచ్చేవాడు. వీధి గుమ్మంలోంచి కాదు, పెరటి దారిన. మా అమ్మ ఎత్తి పోసిన నీళ్లతో మోచేతుల దాకా కడుక్కుని, తన తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు తాతగారి వీపు మీద చెయ్యి వేసేవాడు. పని అయ్యాక తాతగారు స్నానం చేస్తే గానీ ఇంట్లోకి వచ్చేవారు కాదు. నూనె వదలడానికే అనుకుంటే పేచీ లేదు. కానీ ఆ నాయీ బ్రాహ్మణుడి చెయ్యి తగిలిన చెంబుని కూడా చింతపండు పెట్టి తోమించేవారు. ఆ పెరట్లో అందరికంటే శుభ్రమైన చేతులు ఆయనవి. ఆ సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

మడి నన్ను ఎదుటివాడి నుంచి కాపాడటానికి పుట్టింది. వాడిన హెడ్‌ని కడిగి పెట్టడం ఎదుటివాణ్ణి నా నుంచి కాపాడుతుంది. రెండింట్లోనూ నీళ్లు అవే, శ్రద్ధ కూడా అదే కావచ్చు. ముఖం తిరిగిన దిక్కు వేరు. నాయనమ్మ నిష్ఠ నాకు కావాలి. అది తిరిగిన దిక్కు నాకు వద్దు.

శాస్త్రం ఏమంటుందని చూశాను. పతంజలి చెప్పిన నియమాల్లో మొదటిది శౌచం. దాని వల్ల సొంత ఒంటి మీద ఏవగింపు, ఇతరుల ఒంటితో పొత్తుపై విముఖత కలుగుతాయని యోగసూత్రాల సాధన పాదంలో చెప్పాడు. వెంటనే తర్వాతి సూత్రంలో మనసు తేటపడటం, ఏకాగ్రత కూడా దాని ఫలాలేనన్నాడు. అడవిలో ఒంటరిగా కూర్చునే యోగికి ఆ మొదటి మాట సరిపోతుందేమో. ఒకరి పిక్క ఇంకొకరు పట్టాల్సిన షెడ్డులో అది పనికిరాదు.

మా మండలంలోనే రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఆ దారిన వెళ్లినప్పుడల్లా పాళీ వినయపిటకంలో, చుల్లవగ్గలో ఉన్న ఒక నియమం గుర్తుకొస్తుంది. భిక్షువులకి ఆవిరి స్నానాల గది ఒకటి ఉండేది, జంతాఘరం అనేవారు. అందులో చిన్న భిక్షువులు చేతనైతే పెద్దల ఒళ్లు రుద్దాలి. ఆఖరున బయటికొచ్చేవాడు గది బురదగా ఉంటే కడగాలి, ఒంటికి రాసుకునే మట్టి నానబెట్టిన తొట్టిని కడగాలి, పీటలు సర్దాలి, నిప్పు ఆర్పాలి, తలుపు వేయాలి. నిర్వాణం గురించి అంత చెప్పిన ధర్మం తొట్టి కడగడం గురించి కూడా చెప్పింది. ఆ తొట్టి కడిగేవాడికి మర్నాడు ఎవరొస్తారో తెలియదు. ఎవరొచ్చినా సరే కడగాలి. శౌచం గురించి నేను చదివినవాటిలో ఇంతకంటే ఎత్తైన మాట నాకు కనబడలేదు.

ఇక కడగడం ఎలా అన్నది. గుండ్రటి బాల్ స్పాంజిది, చెమట పీల్చుకుంటుంది. బకెట్లో ముంచితే మన సముద్రపు తేమలో లోపల ఆరదు, ముక్కిపోతుంది. సబ్బునీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టాలి. ఫోర్క్, బుల్లెట్ గట్టి ప్లాస్టిక్కువి. గన్ ఆపి, హెడ్ ఊడదీసి, సబ్బుతో కడిగి, తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. 99 శాతంది ఇంకా మంచిది కదా అంటారు పిల్లలు. కాదు. నీళ్లు కలిసిందే సూక్ష్మజీవుల్లోకి బాగా చొరబడుతుంది, చప్పున ఆవిరైపోకుండా నిలిచి పనిచేస్తుంది. చెమట జిడ్డు అలాగే ఉండగా ఆల్కహాల్ పోసి లాభం లేదు, ముందు సబ్బు పడాలి. స్పాంజికి ఆల్కహాల్ రోజూ తగిలితే బీటలు వారుతుంది; బీటలు వారిన బాల్‌ని పారేయడమే. మెషీను మీద నీళ్లు చల్లకూడదు. చేతులకి రాసుకునే తెల్లపొడి, మెగ్నీషియం కార్బొనేట్, గాలి రంధ్రాల్లో చేరుతుంది. పొడి బ్రష్షుతో దులపాలి. పుండు మీద, తామర మీద ఏ హెడ్డూ పెట్టకూడదు.

తామర అన్నాను కాబట్టి ఇంకాస్త చెప్పాలి. మొండి తామర ఒకటి దేశమంతా పాకింది. ఆ బూజుకి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. అందులో చాలా రకాలు టెర్బినఫిన్ మందుకి లొంగవు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిపిన ఆయింట్‌మెంటు దురద తగ్గించి జబ్బుని ముదరబెడుతుంది. ఒంటికి ఒళ్లు తగిలినా, తువ్వాళ్లు బట్టలు పంచుకున్నా అంటుకుంటుంది. తొడ మీద తామర వచ్చిన ఆడపిల్ల ఇంట్లో చెప్పుకోలేక ప్రాక్టీసు మానేస్తుంది. ఒక ఆట ఆగిపోవడానికి మోకాలి చిప్పే విరగనక్కర్లేదు.

ఇదంతా ఆరోగ్యశాస్త్రం చెప్పేదే, దీనికి ధర్మం ఎందుకని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, సూక్ష్మజీవి గురించి తెలిస్తే ఎలా కడగాలో తెలుస్తుంది. కానీ రాత్రి ఎనిమిది దాటాక, ఒళ్లు హూనమైపోయి, ఇంటికి వెళ్లే బస్సు కోసం పరుగెత్తాల్సినవాణ్ణి ఆపి, తనకి పడని తోటివాడి చర్మం కోసం గుడ్డ పట్టించేది ఆ తెలివి ఒక్కటే కాదు. అవతలివాడి ఒళ్లు నా ఒళ్లంత విలువైనదని నమ్మాలి. దాన్ని నేను ధర్మమనే అంటాను.

అయితే కడగడానికి ఒకణ్ణి పెట్టేద్దామన్న ఆలోచన పిల్లలకి వచ్చింది. వాళ్లు చూపించిన కుర్రాడు ఏ వీధి నుంచి వస్తాడో నాకు తెలుసు. వాళ్ల మనసులో దురుద్దేశం లేకపోవచ్చు, కానీ ఆ వేలు దానంతటదే అటు తిరిగింది. మా తాతగారి పెరటి దారి ఇలాగే మళ్లీ తెరుచుకుంటుంది. నేను ఒప్పుకోలేదు. వాడినవాళ్లే కడగాలి, పతకం తెచ్చినా సరే, పాఠం చెప్పేవాడైనా సరే. నా మోకాలికి వాడిన ఫ్లాట్‌ని నేనే కడుగుతాను.

దసరాకి ఆయుధపూజ చేసే వ్యాయామశాలలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. వాటి పెద్దలకి నా మనవి ఒకటే. ముందురోజు సాయంత్రమే ప్రతి హెడ్డూ విడదీసి కడిగించండి, రాత్రంతా ఆరనివ్వండి, బీటలు వారినవి పారేసి కొత్తవి కొనండి. బొట్టు స్పాంజి మీద వద్దు, పెట్టె మూత మీద పెట్టండి. కడిగేటప్పుడు ఒక్కరికే అప్పజెప్పకుండా అందరూ చెయ్యి వేయండి.