చేతి మాట

కన్నులు కానక, చెవులు వినక యున్న బిడ్డయెడ తలిదండ్రుల ధర్మ మెట్టిది? అన్నము పెట్టి, స్నానము చేయించి, ఆపద రాకుండ కాపాడినచో ఋణము తీరినదని పెక్కుమంది తలంపు. ఈ తలంపునందు దయ కలదు గాని న్యాయము కొరవడినది. ముందుగా నొక్కమాటయైన చెప్పక యెవరైనను మనలను మంచముమీదినుండి లేవనెత్తి, నోట ముద్ద పెట్టినచో మనము సహింతుమా? ఆ బిడ్డకు దినదినమును జరుగుచున్న దదియే.

అమెరికాలోని అలబామా రాష్ట్రమున 1880వ సంవత్సరమున జన్మించిన హెలెన్ కెల్లరు పందొమ్మిది నెలల ప్రాయమున జబ్బుచేసి చూపును, వినికిడిని గోలుపోయెను. 1887లో ఆన్ సలివాన్ అను నుపాధ్యాయిని ఆ బాలిక యొక చేతిపై నీరు పారుచుండగా, రెండవ చేతిలో నీరను మాటను వ్రేళ్ల గుర్తులతో నక్షరాక్షరముగా తెలిపి, ప్రతి వస్తువునకును పేరు గలదని యెరుక కలిగించిన కథ లోకవిదితము. అంతకు పూర్వపు సంగతి పలువురు తలపరు. రొట్టె కావలసినప్పు డా బాలిక రొట్టె కోసి వెన్న రాయునట్లు చేతులతో నభినయించెడిది. తల్లియు నామెకు పెక్కు సంగతులు తెలియజేయ గలిగెడిది. ఉపాధ్యాయిని రాకమునుపే ఆ యింట భాషకు బీజము పడియుండెను.

కావున చదువరులారా, గురువు దొరకువరకు వేచియుండ నక్కరలేదు. బిడ్డను సమీపించునప్పుడు భుజముపై మెల్లగా చేయి వేయుడు. తల్లి తన గాజులను, తండ్రి తన చేతిగడియారమును ప్రతిసారియు తాకించినచో నవియే వారి పేర్లగును. పాలకు ముందు గిన్నెను, స్నానమునకు ముందు తువాలును చేతి కందింపుడు. పిమ్మట తొందరపడక నిలువుడు. మోము త్రిప్పుకొనుటయు, వ్రేలు కదల్చుటయు ప్రత్యుత్తరములే.

ఆ చేయియే బిడ్డకు కన్నును, చెవియు, నోరును. దానిని పట్టి లాగుట నోరు మూయుటతో సమానము. ఏదేని చూపదలచినచో మన చేతిని బిడ్డచేతి క్రింద నుంచి, తానై తడవి తెలిసికొననీయవలెను. చేయి తీసికొన్నచో, ఆ 'వలదు'ను మన్నింపవలెను.

ఇంటిపనులతో నలిగెడి యిల్లాలికి ఇంత తీరిక యెక్కడిదని యడుగవచ్చును. నిజమే; ఈ భారమును తల్లి యొక్కతెపై మోపుట యన్యాయము. తండ్రియు, తాతయు, తోబుట్టువులును అవే గుర్తులు నేర్వవలెను. తల్లి యొక్కతెయే యెరిగినది రహస్యము; ఇంటిల్లిపాదియు నెరిగినది భాష.

మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము బధిరాంధత్వమును గూడ పేర్కొన్నది. చట్టము హక్కు నీయగలదు, బిడ్డతో మాటలాడజాలదు. ఆ పని మన చేతులలోనే యున్నది.