కొలిచే హక్కు ఎవరిది?

యంత్రాన్ని కొలవటం వేరు, మనిషిని కొలవటం వేరు అని అనటం తేలిక. యంత్రం ముందు మనిషి కూర్చుని వున్నప్పుడు యీ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే కష్టం. యీ ప్రశ్నను గాలిలో చర్చించటం నాకు ఇష్టం లేదు. మనలో చాలామంది ఎరిగిన ఒక సాధనాన్ని, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును, తీసుకుంటాను. దాని ప్రోగ్రాము ఎవరైనా చదవవచ్చు గనుక అది లోపల ఏం చేస్తున్నదో వూహించుకోవలసిన పని లేదు.

పూర్వం యీ బ్రౌజరులో పేజీలన్నీ ఒకే ప్రాసెస్‌లో నడిచేవి; ఒక పేజీ కూలితే అన్నీ కూలేవి. 2008లో వచ్చిన క్రోమ్ మొదటినుంచీ పనిని వేరువేరు ప్రాసెస్‌లకు పంచింది. ఫైర్‌ఫాక్స్ ఏళ్ల తరబడి శ్రమించి, 2016 ఆగస్టులో, 48వ వెర్షన్‌తో ఆ దారి పట్టింది. 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడ్డాక సైటుకూ సైటుకూ మధ్య గోడ తప్పదని తేలింది. 2021లో ఆ గోడ ఫైర్‌ఫాక్స్‌లోనూ లేచింది.

గోడలు లేచాక లెక్కలు రాయటం చిక్కయింది. పేజీని నడిపే పిల్ల ప్రాసెస్ కట్టుదిట్టమైన గదిలో వుంటుంది. పేజీ ఎంతసేపటికి తెరుచుకుంది, ఎంత మెమరీ తిన్నది, ఎక్కడ బిగుసుకుపోయింది అన్నది దానికే తెలుసు. కాని ఆ లెక్కను బయటికి పంపే అధికారం దానికి లేదు. కాస్త కూడబెట్టి, కట్ట కట్టి, తల్లి ప్రాసెస్‌కు అందిస్తుంది. తల్లి అన్ని కట్టలనూ పోగుచేసి, ఏ ప్రాసెస్ లెక్క దానికే విడిగా వుంచి, సంస్థకు పంపుతుంది. విడిగా వుంచటంలో వివేకం వుంది. రెండు వేరు పనుల లెక్కలు కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ పనినీ చెప్పదు. మన విద్యాశాఖల వార్షిక నివేదికలు చదివేవారికి యిది వేరే చెప్పనక్కరలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. కట్ట అందించకముందే పిల్ల ప్రాసెస్ కూలితే, ఆ కాస్త లెక్కా దానితోనే పోతుంది. అంటే అన్నింటికన్నా ఎక్కువ బాధపడినవాడి సాక్ష్యమే అన్నింటికన్నా తక్కువగా అందుతుంది. బతికి బయటపడ్డవారు చెప్పినదే చరిత్రగా నిలవటం మనకు కొత్త కాదు. యిక్కడ ఆ లోటు పూడ్చటానికి వేరే నివేదిక వుంది: కూలిన క్షణాన మెమరీలో వున్నదాని ప్రతి. కాని అందులో వాడుకరి టైపు చేసిన మాటలు కూడా చిక్కుకుని వుండవచ్చు. అందుకే దాన్ని పంపటానికి వేరే అనుమతి అడుగుతారు. లెక్క ఎంత నిజానికి దగ్గరైతే మనిషికి అంత దగ్గరవుతున్నది. గీత యిక్కడ వుంది.

మామూలు లెక్కల్లో యీ ప్రమాదం తక్కువ. పేజీ తెరుచుకున్న సమయాన్ని విడివిడిగా రాయకుండా, యింతనుంచి యింతవరకు పట్టినవి యెన్ని అని గడులలో గుర్తు పెడతారు. పరిమాణం మిగులుతుంది, సంఘటన పోతుంది. అయినా నివేదికతోపాటు ఒక అడ్డదిడ్డపు సంఖ్య గుర్తింపుగా వెళుతుంది. పేరు లేకపోయినా నిన్నటి నివేదికా నేటి నివేదికా ఒకే యంత్రానివని తెలుస్తుంది. దీన్ని దాచి, అంతా అనామకమే అనటం నిజాయితీ కాదు.

“నేను యివ్వను” అనే హక్కు నాకు వుంది. అది వాడుకుంటే ఏమవుతుంది? పాత కంప్యూటర్లతో నెట్టుకొచ్చే మన కళాశాలల ల్యాబులన్నీ లెక్కలోంచి తప్పుకుంటే, నిర్మాతల కళ్లకు కొత్త యంత్రాలే కనిపిస్తాయి. బ్రౌజరు వాటికోసమే తయారవుతుంది. కనుక తప్పుకోవటాన్ని ఒక వీరకార్యంగా చెప్పుకునేవారితో నేను ఏకీభవించను. లెక్కకు రానివాడి అవసరం కూడా లెక్కకు రాదు.

అయితే యిచ్చే బాధ్యత నాదైనప్పుడు, అడిగే తీరుపై అధికారం ఎవరిది? 1911 ఆగస్టులో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో, పోతపనివారి పక్కన టేలర్ పద్ధతి ప్రకారం స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డారు. ఒక పనివాడు తనను కొలవనివ్వలేదు, పనిలోంచి తీసేశారు, మిగతావారు బయటికి నడిచారు. 1915లో అమెరికా కాంగ్రెసు సైనిక కర్మాగారాలలో ఆ వాచీని నిషేధించింది. వాళ్లకు అంకెలమీద కోపమని నేను అనుకోను. ఆ అంకె ఎవరి చేతిలో పడి ఎవరిమీదికి తిరిగి వస్తుందో వాళ్లకు బాగా తెలుసు.

గణితం కొంత సాయపడింది. జవాబు చెప్పేవాడు కొన్నిసార్లు కావాలనే, జూదపు పద్ధతిలో, తప్పు చెప్పేలా ఏర్పాటు చేస్తే, మొత్తం నిజం తెలిసినా ఒక్కడి నిజం తెలియదని వార్నర్ 1965లో చూపించాడు. గూగుల్ 2014లో క్రోమ్ లెక్కలకోసం యిదే సూత్రంమీద రాపోర్ అనే పద్ధతిని ప్రకటించింది. తెలివైన ఉపాయమే. కాని అది జవాబును కాపాడుతుంది. ప్రశ్న వేసే అధికారాన్ని ముట్టుకోదు.

ఆ అధికారానికి పగ్గం వేసేది ఫైర్‌ఫాక్స్‌లో వున్న మరొక నియమం. కొత్తగా ఏది కొలవదలచినా ఎందుకో బహిరంగంగా రాయాలి, మరొకరు పరిశీలించి ఒప్పుకోవాలి. శాశ్వతమని ప్రత్యేకంగా ఒప్పించుకుంటే తప్ప, ఆ కొలత ఏ వెర్షన్‌తో ఆగిపోతుందో కూడా ముందే రాయాలి. నేను ఎరిగిన ఒక కళాశాలలో ఏటా పిల్లలచేత నింపించే ఫారాలు బీరువాలలో పేరుకుపోతున్నాయి. ఏ గడి ఎందుకు పెట్టారో గుమాస్తాకు తెలియదు, ప్రిన్సిపాలుకూ తెలియదు.

యింకా తేలనిది ల్యాబు సంగతి. అనుమతి గడి ఒక్కటే, ముందు కూర్చునే విద్యార్థులు నలభైమంది. వాళ్ల తరపున ఒప్పుకునే హక్కు మాస్టరుకు వుందా? నేను పనితీరు లెక్కలు వెళ్లనిచ్చాను. కూలినప్పటి నివేదికలు వాటంతటవే వెళ్లకుండా ఆపాను. చిరునామా గడిలో ఏం కొడితే పంపుతున్న లెక్కలన్నీ కనిపిస్తాయో బోర్డుమీద రాసి పెట్టాను. ఇద్దరు విద్యార్థినులు ఆ పేజీ తెరిచి చదివి, కూలిన నివేదికలు మాత్రం ఎందుకు ఆపారని నన్ను నిలదీశారు. ఆ వాదన మా మధ్య యింకా నడుస్తూనే వుంది.