ఎండెక్కాక రమ్మనండి

ఇంట్లో ఏ వస్తువు పాడైనా మనకి ముందు తోచేవి రెండే దారులు. బాగుచేయించడం, లేకపోతే పారెయ్యడం. కుక్కరు పిడి ఊడినా, మిక్సీ మోటారు కాలినా, పట్టుచీర మడతల్లో చిరిగినా ఇదే వరస. ఎంతవుతుంది, బాగుచేశాక ఎన్నాళ్ళొస్తుంది, కొత్తదైతే ఎంత - ఈ మూడూ వేళ్ళమీద లెక్కేసి ఆడవాళ్ళం ఇట్టే చెప్పెయ్యగలం. ఇందులో పెద్ద నీతిశాస్త్రమేమీ లేదు.

కాని మూడో దారి ఒకటుంది. ఉన్న లోపం చెప్పకుండా ఇంకొకరికి అంటగట్టడం. పాత మిక్సీ దగ్గర ఈ దారి తొక్కినా మనకి నిద్ర చెడదు. వస్తువు ఖరీదైనదై, దానిమీద ఒక సంసారం ఆధారపడి ఉన్నప్పుడే మన మంచితనం ఎంత బరువు మొయ్యగలదో బయటపడుతుంది.

మా మరిది తణుకు దగ్గర పల్లెలో వ్యవసాయం చేస్తాడు. సొంత చేను కొద్ది, కౌలు ఎక్కువ. కొన్నాళ్ళ కిందట అప్పు చేసి సెకండ్ హ్యాండులో ఒక వరికోత మిషను కొన్నాడు. మన డెల్టా చేలల్లో కోతలనాటికీ తడి ఆరదు కదా, చక్రాల బండి దిగబడిపోతుందని చైను మిషను తీసుకున్నాడు. తన చేను కోసుకున్నాక చుట్టుపక్కల ఊళ్ళకి గంటకింత అని అద్దెకి తిప్పేవాడు. సార్వాకి, దాళ్వాకి ఆ మిషనే వాళ్ళ ఇంటికి పెద్ద దిక్కు.

మన వైపు ట్రాక్టర్లు చాలావరకు క్లచ్చీ గేర్లతో నడుస్తాయి. ఈ కోత మిషన్లలో చాలావాటికి హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అని వేరే ఏర్పాటు ఉంటుంది. పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1967లోనే ఇలాంటి ట్రాక్టరుని అమ్మకానికి పెట్టింది. ఇంజను ఒక పంపుని తిప్పుతుంది, పంపు నూనెని గట్టి ఒత్తిడితో తోస్తుంది, ఆ తోపుకి రెండో చివర ఇంకో మోటారు తిరిగి బండి కదులుతుంది. లివరు ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి. గేర్లు మార్చే బాధ లేదు. అయితే లోపలి పిస్టన్లూ పలకలూ అద్దంలా నున్నగా ఉండాలి. నూనెలో మట్టో ఇనుప రజనో చేరిందా, ఆ నునుపుమీద గీతలు పడతాయి. ఆ గీతల్లోంచి నూనె లోపల్లోపలే జారిపోయి ఒత్తిడి నిలవదు.

ఈ జబ్బుకి ఒక చిత్రమైన గుణం ఉంది. పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉంటుంది కనక లోపం అంతగా తెలియదు, బండి నిక్షేపంగా నడుస్తుంది. ఎండెక్కి నూనె వేడెక్కేసరికి పల్చబడి కారిపోతుంది, బండి లాగలేక చతికిలబడుతుంది. సన్నని బీటున్న గిన్నెలో బెల్లం పాకం చల్లారితే నిలుస్తుంది, పొయ్యిమీద పెడితే కారుతుంది, అలాగన్నమాట.

మా మరిది మిషనుకి వచ్చింది సరిగ్గా ఆ జబ్బే. చూసిన మెకానిక్కు మంచివాడు. ఎత్తగానే పెద్ద ఖర్చు చెప్పలేదు. ముందు నూనె మట్టం చూశాడు, ఫిల్టరు విప్పాడు, లివరు నుంచి పంపుకి వెళ్ళే కడ్డీలు చూశాడు, నూనెని చల్లబరిచే జాలీలో చెత్త దులిపాడు. చిన్న కారణాలన్నీ అయిపోయాకే ఒత్తిడి కొలిచి, పంపూ మోటారూ రెండూ అరిగాయని తేల్చాడు. బాగుచేయించాలంటే లక్షల్లో మాట. పోనీ పంపొక్కటే మారుద్దామంటే, మోటారులోనూ గొట్టాల్లోనూ మిగిలిన రజను కొత్త పంపుని కూడా తినేస్తుందన్నాడు. సగం బాగుచెయ్యడం డబ్బు నీళ్ళలో పొయ్యడమే.

మా తోడికోడలు మెడలో గొలుసు మీదికి చూపులు వెళ్ళాయి. మన ఇళ్ళలో ఏ యంత్రం పాడైనా చివరికి అందరి చూపూ అక్కడికే వెళుతుంది కాబోలు.

"మనల్ని ఇన్నాళ్ళు పోషించిన బండి, ఎలా వదులుకోను?" అన్నాడు మరిది. ఆ మాట వినడానికి బాగుంటుంది. కాని కృతజ్ఞత వేరు, మరమ్మతు వేరు. మనం గోదావరి వాళ్ళం. కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్టకి కాలం చెల్లాక, 1982 నాటికి కొత్త బ్యారేజీ కట్టుకున్నాం. అంతమాత్రాన ఆయన్ని మరిచిపోయామా? బ్యారేజీకి ఆయన పేరే పెట్టుకున్నాం. వస్తువుకి మనం పడే రుణం దాన్ని ఎల్లకాలం బతికించడంతో తీరేది కాదు. పైగా ఈ బండికి ఇప్పటికే ఇంత పెట్టాం కదా అని ఇంకా పెట్టడం, పోయినచోటే వెతుక్కోవాలనే జూదరి సామెతలాంటిది. పోయింది పోయింది. ఇప్పుడు పెట్టేది ఎంత, వచ్చేది ఎంత అన్నదే లెక్క. ఆ లెక్క ప్రకారం గొలుసు కుదువపెట్టడం దండగనే తేలింది.

ఇక మిగిలింది అమ్మడం. బేరం కుదిర్చే ఆసామీ వచ్చి నెమ్మదిగా ఒక మాట అన్నాడు. "కొనేవాళ్ళని పొద్దున్నే రమ్మనండి. చల్లపూట ఒక మడి కోసి చూపిద్దాం. వాళ్ళడిగితే కదండీ మనం చెప్పడం!"

నేను వద్దన్నాను. మరిది నావంక తిరిగి, "మనకి అమ్మినవాడు మాత్రం చెప్పాడేంటి వదినా?" అన్నాడు. మరి ఆ మాటలో న్యాయం లేదనగలమా? మోసపోయినవాడు నష్టాన్ని తనే మింగి ఊరుకోవాలా? ఈ లోకంలో అరిగిన సరుకంతా చేతులు మారుతూనే ఉంటుంది, ఎవరి చేతిలో ఆగిపోతే వాడే తెలివితక్కువవాడు.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. క్రీస్తుకి పూర్వం 44లో రోముకి చెందిన సిసిరో అనే పెద్దమనిషి మానవధర్మాల గురించి కొడుకుకి ఒక గ్రంథం రాశాడు. అందులో ఇలాంటిదే ఒక ఉదాహరణ ఉంది. ఒకాయన ఇల్లు అమ్ముతున్నాడు. ఆ ఇంట్లో పాములున్నాయని, దూలాలు పుచ్చాయని ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పాలా? డయోజినీస్ అనే వేదాంతి, బలవంతాన కొనమన్నాడా, కొనేవాడికి కళ్ళు లేవా, అంటాడు. ఆయన శిష్యుడే అయిన యాంటీపేటర్, చెప్పకపోవడమంటే తెలిసి తెలిసి మనిషిని గోతిలోకి నడిపించడమే, అంటాడు. సిసిరో శిష్యుడి పక్షం వహించాడు. ఊరికే మాట్లాడకపోవడం ఒకటి, నా లాభం కోసం నువ్వు తెలుసుకోకూడదని కోరుకోవడం వేరొకటి అని ఆయన తీర్పు.

మన చట్టం ఏమంటుందో చూడండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షను మోసం గురించి. కావాలని కప్పిపుచ్చితే మోసం. మాట్లాడవలసిన బాధ్యత లేనిచోట ఊరికే మౌనంగా ఉంటే మోసం కాదు. దీనికి అక్కడే ఉదాహరణలిచ్చారు. ఒకడు జబ్బు గుర్రాన్ని తెలిసీ ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మాడు. అది మోసం కాదు. అదే గుర్రాన్ని అప్పుడే మేజరైన సొంత కూతురికి అమ్మితే మాత్రం, ఆ బంధుత్వం వల్ల చెప్పవలసిన బాధ్యత ఉంటుంది!

చదివి నేను చాలాసేపు అలాగే కూచున్నాను. కూతురికైతే చెప్పాలి, ఊరివాడికైతే అక్కర్లేదు. చట్టం ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కనక అక్కడ గీసింది, దాన్ని తప్పుపట్టను. కాని పొద్దున్నే రమ్మనడం మౌనమా, కప్పిపుచ్చడమా? వేళ చూసి మరీ పిలిచాక అది మౌనమెలా అవుతుంది?

నేనీ పురాణమంతా విప్పకముందే మా తోడికోడలు తేల్చేసింది. తనకి సిసిరో తెలియడు, సెక్షనూ తెలియదు. "ఎండెక్కాక రమ్మనండి. కొనేవాడింట్లో కూడా మెడలో గొలుసున్న ఆడమనిషి ఉంటుంది కదా అక్కయ్యా!" అంది.

మిట్టమధ్యాహ్నమే చూపించారు. ఇద్దరు చూసి వెళ్ళిపోయారు. ఆఖరికి ఇంజనూ చైన్లూ పనికొస్తాయని ఒక షెడ్డతను తక్కువకి తీసుకున్నాడు. నిజం చెప్పినందుకు లాభం కలిసొచ్చిందని రాయలేను, రాలేదు. గొలుసు మిగిలింది, అప్పూ కొంత మిగిలింది. తరవాతి పంటకి అద్దె మిషనుతో కోయించుకున్నారు. మరిది చాలా రోజులు ముభావంగా ఉన్నాడు.

అయినా లెక్క అక్కడితో ఆగదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని ఊపేసిన తుఫాను మన తరంవాళ్ళకి గుర్తే. పండిన చేను నిలువునా ఉండి, ఆకాశం నల్లబడి, అప్పుడు మిట్టమధ్యాహ్నం మడి నడుమ ఆ మిషను ఆగిపోతే, చల్లపూట దాన్ని చూసి కొన్న రైతుకి పోయేది మనకి మిగిలిన తేడా డబ్బొక్కటే కాదు. పాడైన వస్తువు ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదు. మనం తప్పించుకున్నామంటే అది మాయమైపోయిందని కాదు, మనకి కనిపించని ఇంటికి వెళ్ళిందని.

మన సంసారాల్లో ఇలాంటి చల్లపూట బేరాలు ఎన్ని లేవు? వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. పెళ్ళికొడుకు తాగుడు సంగతో, అప్పుల సంగతో దాచి కుదిర్చిన సంబంధాలు మనకి తెలియనివా? అడిగితే కదా చెప్పడం, అన్నవాళ్ళంతా పందిట్లో భోంచేసి వెళ్ళిపోయారు. ఎండెక్కాక ఆ వేడి భరించింది ఒక్క ఆ పిల్లే.

అందుకని నా మటుకు నాకు చట్టంలోని ఆ కూతురు ఉదాహరణ ఒక్కటీ చాలనిపిస్తుంది. అమ్మేటప్పుడు, ఇచ్చేటప్పుడు, సంబంధం చెప్పేటప్పుడు, అవతలి మనిషి మన కూతురే అయితే ఏ వేళకి రమ్మంటాం? ఎదటివాడు మనతో అలా ఉన్నాడా అంటే, చాలాసార్లు ఉండడు. ఆ నష్టం నిజమైన నష్టమే. కాని ఆ అరిగిన సరుకు చేతులు మారడం ఎక్కడో ఒక గడప దగ్గర ఆగాలి కదా. అది మన గడపే ఎందుకవాలంటారా? మరెవరిదవాలో మీరే చెప్పండి.