కాలు తీసేసిన చోట

ఎక్కువ కొన్నవాడి గర్వం నాకు అర్థమవుతుంది. డబ్బుంది, చూపించుకుంటాడు. తక్కువ కొన్నవాడికి గర్వం దేనికి? రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, ఆటోమేటిక్ గేరు ఉన్న థార్ తీసుకునే వీలుండి కూడా, 1462 సీసీ ఇంజిన్, అయిదు గేర్ల మాన్యువల్ జిమ్నీ తెచ్చుకున్నాను. "దీనికి పవర్ చాలదు కదండీ" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాలోపల ఎవడో మీసం మెలేస్తాడు. వాడి సంగతే కొంతకాలంగా నన్ను తొలుస్తోంది. చాలు అనుకున్నవాడు చాలనుకుని ఊరుకోవాలి. నాకు చాలిందని పదిమందికీ తెలియాలనిపిస్తోందంటే, చాలనట్టే కదా?

మితంగా బతకడం గొప్పని చిన్నప్పట్నుంచీ విన్నాం. ఆ మాట మనకి చెప్పినవాళ్ళలో ఎంతమందికి ఎక్కువ తెచ్చుకునే దారి ఉండేదో మాత్రం ఎప్పుడూ అడగలేదు. దారి లేనివాడి మితాన్ని ఎవరూ మెచ్చుకోరు. దాన్ని లేమి అంటారు. దారి ఉండి మానుకున్నవాడికే మెచ్చుకోళ్ళన్నీ. అంటే ఆ మెచ్చుకోలు కూడా డబ్బుకే దక్కుతోందన్నమాట.

పోనీ, నేను మానుకున్నది నిజంగా ఎంత? కాగితం మీద చూస్తే చాలానే. నా బండి టార్క్ 134 న్యూటన్ మీటర్లు, అదీ 4000 ఆర్‌పీఎం దగ్గర. ఆ థార్‌ది 300 దాటుతుంది. కానీ జిమ్నీలో గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. బండి ఆపి, క్లచ్ తొక్కి, దాన్ని కిందికి అదిమి వెనక్కి లాగితే లో రేంజ్ పడుతుంది. ఫస్ట్ గేరు 4.425, లో రేంజ్ 2.002, ఫైనల్ డ్రైవ్ 4.09. మూడూ గుణిస్తే ముప్ఫై ఆరు రెట్లు పైన. మధ్యలో రాపిడికి పోయేది పోగా, చక్రాల దగ్గరికి చేరే బలం చిన్నదేం కాదు. పైగా బండి బరువు పన్నెండు వందల కిలోలలోపే. గేరు వేగాన్ని పుచ్చుకుని బలాన్ని ఇస్తుంది, అంతే. కాబట్టి రాళ్ళ మీద నేను వదులుకున్నదేమీ లేదు. వదులుకున్నదల్లా హైవే మీద లారీని దాటేటప్పుడు పనికొచ్చే వేగం. ఆ వేగం కోసం నేనెప్పుడూ ఆరాటపడలేదు. అక్కర్లేనిదాన్ని వదిలేసి త్యాగం అనుకోవడం, ఏకాదశి ఉపవాసమని చెప్పి ఇడ్లీలూ ఉప్మా లాగించడం లాంటిది.

చిన్నది అన్న మాటా నిలబడదు. పన్నుల లెక్కలో చిన్న పెట్రోల్ కారంటే నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు ఇంజిన్. నా బండి పొడవు 3985 మిల్లీమీటర్లు, అక్కడ గట్టెక్కింది. ఇంజిన్ దగ్గర తప్పింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అలాంటివాటికి 40 శాతం జీఎస్టీ. లీటరున్నర డీజిల్ ఇంజిన్, వెనక చక్రాలకే డ్రైవ్ ఉన్న థార్ మాత్రం 18 శాతంలో, చిన్నకార్ల వరసలో కూర్చుంది. 1970లో జపాన్‌లో వచ్చిన తొలి జిమ్నీ ఇంజిన్ 359 సీసీ. దాని పక్కన నాది ఏనుగు.

ఇక మాన్యువల్ సంగతి. గేరు మన చేత్తో వేస్తేనే బండితో అనుబంధం, తక్కినదంతా లిఫ్టులో కూర్చోవడమేనని వాదించేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ గుంతలో ఒక చక్రం గాల్లోకి లేచి ఉత్తినే తిరుగుతుంటే, దానికి బ్రేకు వేసి బలాన్ని అవతలి చక్రానికి పంపేది నేను కాదు, కంప్యూటరు. కటకటమని చప్పుడు వినిపిస్తుంది, బండి పైకొస్తుంది. నేను స్టీరింగ్ పట్టుకుని, ఎక్కించింది నేనే అనుకుంటాను.

చేతిలో బండి ఉండడమంటే ఏమిటో నేను చూసింది తొంభైల్లో, జి.మాడుగుల వైపు ఒక బడిలో పనిచేస్తున్నప్పుడు. అప్పుడు ఏజెన్సీకి కమాండర్ జీపే దిక్కు. సంత రోజైతే లోపల ఎంతమందో వెనక వేలాడేది అంతమంది. పైన పసుపు బస్తాలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు. ముందు సీట్లో డ్రైవరు కాక ముగ్గురం. డ్రైవరు సగం ఒళ్ళు బయటపెట్టి, ఎడం తొడ ఒక్కటి సీటుకి ఆనించి నడిపేవాడు. మాస్టారినని మర్యాదచేసి నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. ఆ మర్యాద ఎలాంటిదంటే, గేరు రాడ్డు నా రెండు మోకాళ్ళ మధ్య ఉండేది. దాని నల్ల గుండు అరిగి నున్నగా అయిపోయి, మీది అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. జనం మరీ ఒత్తుకుంటే అతని ఎడంచెయ్యి రాడ్డు దాకా వచ్చేది కాదు. "నేను క్లచ్ తొక్కుతాను, మీరు సెకండ్లోకి లాగండి మాస్టారూ" అనేవాడు. కాలు అతనిది, చెయ్యి నాది. మొదట్లో గేర్లు కరకరలాడేవి. తర్వాత అతని మోకాలు కదలగానే నా చెయ్యి కదిలేది. అతను చెప్పడం మానేశాడు, నేను చూడటం మానేశాను. అయినా ఆ బండి నడిపింది ఎవరంటే, అతనే.

ఒక వానరోజు పాడేరు ఘాటు దిగుతున్నాం. మలుపు తర్వాత మలుపు, రోడ్డు మీద ఎర్రనీళ్ళు. చూస్తే అతని కాళ్ళు రెండూ పెడళ్ళ మీద లేవు. వెనక్కి లాక్కుని, స్టీరింగ్ ఒక చేత్తో పట్టుకుని, బీడీ వెలిగించుకుంటున్నాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"బ్రేకు మీద కాలు పెట్టవేంటయ్యా?"

"బ్రేకు కాలిపోద్ది మాస్టారూ. ఎక్కిన గేర్లోనే దిగాల. ఇంజనే పట్టుకుంతాది. మనం ఒగ్గీడమే."

జీపు మూలుగుతూ, తన నడకలో తాను దిగింది.

ఈమధ్య వంజంగి దగ్గర ఒక మట్టిదారిలో అదే చేశాను. లో రేంజ్, ఫస్ట్ గేరు, కాళ్ళు నేల మీద. త్రాటిల్ మూసుకుపోయాక గాలి లాగలేక పిస్టన్లు పడే అవస్థే బ్రేకు. రాయి మీంచి రాయి మీదికి బండి దానంతటదే దిగుతోంది. అంత సుఖం నాకు ఏ గేరు మార్చడంలోనూ దొరకలేదు. అక్కడే నా వాదం తలకిందులైంది. నా చేతులతో నడుపుకోవాలని మాన్యువల్ తెచ్చుకున్నాను. దానిలోని గొప్ప క్షణం మాత్రం నేనేమీ చెయ్యకుండా ఉన్నప్పుడు వచ్చింది. పోనీ అదైనా మాన్యువల్ సొత్తా? ఆటోమేటిక్‌లోనూ లో రేంజ్ వేసి చిన్న గేరులో ఉంచితే ఇంజిన్ పట్టుకుంటుంది. కాస్త వదులుగా పట్టుకుంటుంది, అంతే తేడా.

ఆ రోజే పాడేరులో టీ కొట్టు దగ్గర ఆ డ్రైవరు కనిపించాడు. జుట్టు తెల్లబడింది. బండి చుట్టూ తిరిగి చూశాడు. లోపలికి తొంగిచూసి అడిగాడు.

"ఆటో గేరు రాదా మాస్టారూ దీనికి?"

"వస్తుంది. నేనే వద్దన్నాను."

ఎందుకని అడగలేదు. బల్ల మీద కూర్చుని ఎడంకాలు చాపుకున్నాడు. "మా వోడికి ఆటో గేరుదే కొనమని చెప్పినాను. క్లచ్ తొక్కి తొక్కి నాకీ మోకాలు పోనాది" అన్నాడు. అందులో దెప్పు లేదు. నేనే వెతుక్కున్నాను, దొరకలేదు.

ఆ మోకాలితో ఇంటికొచ్చాను. నేను సాధన అనుకున్నది అతనికి అరుగుదల. ఇలా అనేసి తలవంచుకుంటే వాదన ముగిసిపోతుంది, నాకూ హాయిగా ఉంటుంది. కానీ అది కూడా ఒక రకం మీసమే. అతని కష్టాన్ని చూపించి నా సరదాని శిక్షించుకుంటే అతనికి ఒరిగేదేమీ లేదు. అతను నన్ను తప్పుపట్టలేదు, గేరు సంగతి అడిగాడు. అయినా నా మోకాలు కూడా ఏదో ఒక రోజు మొరాయిస్తుంది. ఆ రోజు ఆటోమేటిక్ కొంటాను, ఒక్క వాదమూ చెయ్యను. చిప్ప అరగ్గానే వీగిపోయేదైతే, ఇన్నాళ్ళూ దాన్ని సిద్ధాంతమని ఎందుకన్నాను? కాలు ఆడుతోంది, ఆడించడం బాగుంది. పొద్దున్నే నడకకి వెళ్ళేవాడికి అంతకంటే పెద్ద కారణం ఉంటుందా? దాన్ని నిరాడంబరతనీ, అనుబంధమనీ పిలిచి పెద్ద చేసింది నేనే. ఇక పార్కింగ్‌లో ఎవరైనా అడిగితే పవర్ చాలదనే చెబుదామనుకుంటున్నాను. చెప్పగలనో లేదో తెలీదు.

మా ఆవిడ దగ్గర ఇవేవీ నడవవు. గాజువాక ట్రాఫిక్‌లో ఈ క్లచ్ తన వల్ల కాదని తేల్చేసింది. అందుకని ఊళ్ళోకి వెళ్ళాలంటే ఆవిడ స్కూటీ తీస్తుంది, నేను వెనక కూర్చుంటాను.